గ్రాములాయన రస్కులు

మా బావతో పది నిమిషాలు మాట్లాడి ఒళ్ళు మండని మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. అలాగని ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఒక దణ్ణం పెట్టేసి మన దారిన మనం పోవచ్చు. మంచివాడు, పైగా ఓపిక ఉన్నవాడు, పైగా తను చేసేది ముమ్మాటికీ సరైనదేనని నమ్మినవాడు. ఈ మూడూ ఒకే మనిషిలో చేరితే ఇంట్లోవాళ్ళ గతి ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఆయన ఇంటి పై వాటాలో పన్నెండేళ్ళుగా ఉంటున్నదాన్ని నేనే.

ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై నాలుగేళ్ళు కొట్టు కొట్టుకీ తిరిగి త్రాసులు పరీక్షించాడు. సరిగ్గా ఉన్నవాటికి ముద్ర వేశాడు, లేనివాటిని పట్టుకుపోయాడు. వీధిలో అందరూ ఆయన్ని గ్రాములాయన అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, లోపల్లోపల కాస్త గర్వం కూడా. కూరగాయల బండి ఆవిడ మా గుమ్మం ముందు ఆగదు. మలుపు దాటాక ఆగి అక్కణ్ణుంచి కేకేస్తుంది. కాఫీలో పంచదార కూడా ఆయన తూచే వేస్తాడు. "నీకు ఏడు గ్రాములు వేశాను మరదలా" అని కప్పు చేతికిస్తాడు. ఏడు గ్రాముల తీపి ఎలా ఉండాలో నాకేం తెలుసు? బావుంటే బావుందంటాను, లేకపోతే లేదంటాను.

నాది నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం. ఫోనెత్తి ఫిర్యాదులు రాసుకోవడం నా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం నన్ను దులిపేస్తుంటే, "రాసుకున్నానండీ, మనిషిని పంపిస్తామండీ" అంటూ కూర్చుంటాను. ఇంటికొచ్చేసరికి ఎవరినో ఒకరిని తిట్టడానికి కావలసిన సరుకంతా లోపల సిద్ధంగా ఉంటుంది. గేటు తీయగానే మొదట కనిపించేది మా బావ.

అక్క సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు మనిషికి వినపడేలా అరిచేది. డ్యూటీ దిగాక అదే నోటితో అంత ఇష్టంగానూ తినేది. తిండంటే ఆవిడకి ప్రాణం. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చింది. పన్నెండు రోజులకి తగ్గింది గానీ, పోతూ పోతూ అక్క వాసననీ రుచినీ పట్టుకుపోయింది. ఉల్లిపాయ కోసి ముక్కు కింద పెడితే కళ్ళు నీళ్ళు పెట్టుకునేవి, ముక్కుకి మాత్రం ఏమీ తెలిసేది కాదు. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది, కొందరికి రానే రాదు అని డాక్టరమ్మ చెప్పింది.

అక్క తిండి తగ్గించేసింది. పంతంతో కాదు, నోట్లో పెట్టుకున్నది లోపలికి పోక. ఆరు నెలల్లో అరవై రెండు కిలోల మనిషి నలభై రెండుకి వచ్చింది. "నలభై కంటే తగ్గితే ఇంట్లో ఉంచొద్దు. ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే" అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చాక అక్క నన్ను దగ్గరికి పిలిచి, "ఆ గొట్టం పట్టుకుని ఎవరైనా వస్తే, ముందు స్టాపులోనే దిగిపోయిందని చెప్పవే" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజునుంచి మా ఇంట్లో నలభై అన్న అంకె ఎవరూ పైకి పలకలేదు.

అప్పుడు దొరికింది బావకి ఆ దిక్కుమాలిన పుస్తకం. పాత కాగితాలు కొనే కొట్టులో, త్రాసు సరిగ్గా ఉందో లేదో చూద్దామని వెళ్ళినవాడు, తూకానికి వేసిన కట్టలోంచి బయటికి లాగాడు. వందేళ్ళు దాటిన పుస్తకం. ఏదో పెద్ద ఆసుపత్రి వంటగది కోసం అక్కడి పెద్ద నర్సు రాసి అచ్చు వేయించింది. జ్వరం పడి లేచినవాళ్ళకి ఏం వండాలి, ఎంత వండాలి, ఎలా పెట్టాలి అని అంతా ఉంది. అట్ట ఊడిపోయింది. పేజీ తిప్పితే పొడి రాలుతోంది.

"అప్పట్లో మందులెక్కడివి? తిండితోనే మనుషుల్ని లేపి కూర్చోబెట్టారు" అన్నాడు బావ. కళ్ళు మెరుస్తున్నాయి. "ఇందులో ఉన్నది ఉన్నట్టు చేస్తే మీ అక్క తింటుంది."

ఉన్నది ఉన్నట్టు అన్న ఆ మాటే మా కొంప ముంచింది.

మొదటిది బార్లీ జావ. పుస్తకంలో కొలతలన్నీ నలభై మంది రోగులున్న వార్డుకి రాసినవి. బావ కాగితం మీద ప్రతిదాన్నీ నలభైతో భాగించాడు. బార్లీ రెండు చెంచాల పైచిలుకు వచ్చింది. ఉప్పుని నగల కొట్టువాళ్ళ త్రాసు లాంటి చిన్న త్రాసులో ఊపిరి బిగబట్టి తూచాడు. అంతా భాగించాడు గానీ టైము భాగించలేదు. సన్నని సెగ మీద మూడు గంటలు అని ఉంది కాబట్టి మూడు గంటలు. ముప్పావుగంటకే నీళ్ళన్నీ ఇగిరిపోయి గిన్నె మాడటం మొదలైంది. ఆయన దించలేదు. నేను మెట్లు దిగి వచ్చేసరికి ఇల్లంతా పొగ, పక్కింటివాళ్ళు గేటు దగ్గర, ఆయన గడియారం చూస్తూ పొయ్యి పక్కన. అక్క పక్క గదిలో ప్రశాంతంగా కూర్చుని పేపరు చదువుకుంటోంది. ఆవిడకి వాసన తెలీదు కదా!

"మాడిపోతుంటే దించవేం బావా?" అన్నాను.

"మధ్యలో దించితే అది పుస్తకంలో ఉన్న జావ ఎలా అవుతుంది?" అన్నాడు.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏదైతేనేం, ఒక పాఠం మాత్రం నేర్చుకున్నాడు. తిండి నలభయ్యో వంతు చేసినా నిప్పు నలభయ్యో వంతు అవదని. నేర్చుకుని ఊరుకున్నాడా? లేదు. మర్నాడు భోజన హోటలువాళ్ళని బతిమాలి పెద్ద గుండిగ తెచ్చి, నలభై మందికీ వండాడు. ఈసారి జావ మాడలేదు. నున్నగా, తెల్లగా, పుస్తకంలో రాసినట్టే వచ్చింది. అక్క రెండు చెంచాలు నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "తడిగుడ్డ నమిలినట్టుందండీ" అంది. బావ నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. 'రోగి మాట: తడిగుడ్డ. కారణం: నీళ్ళు ఎక్కువై ఉండవచ్చు.' మిగిలిన ముప్పై తొమ్మిది మంది జావ వీధికి పంచాం. రెండో రోజునుంచి మేము గిన్నెతో వస్తుంటే జనం తలుపులేసుకోవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత పాలలో మెదిపిన రొట్టె. గుడ్డూ పాలూ కలిపి ఆవిరి మీద ఉడికించిన ముద్ద. రెండుసార్లు వడకట్టిన ఎముకల సూపు. ఒక్కోటి రెండేసి సార్లు, మూడేసి సార్లు చేశాడు. కప్పు అంటే ఏ కప్పు, చెంచా అంటే తలకొట్టి కొలవాలా గోపురంగా కొలవాలా అని నా ప్రాణం తీశాడు. నోటుబుక్కులో పదకొండు ప్రయత్నాలు అయ్యాయి. పదకొండింటి కిందా రోగి మాట ఒకటే. 'తడిగుడ్డ.' 'తడిగుడ్డే.' 'మళ్ళీ తడిగుడ్డ.' ప్రతిసారీ కారణం మాత్రం కొత్తది కనిపెట్టాడు. పాలు పలచన, పిండి పాతది, గిన్నె మందం చాలలేదు.

ఇవన్నీ చాలవని గంటల గొడవ ఒకటి. ఓవెన్ వంటలకి ఆ నర్సమ్మ నిమిషాల్లో రాయలేదు. 'మొదటి గంటకు ఓవెన్‌లో పెట్టి, రెండో గంటకు తీయవలెను' అని రాసింది. ఆసుపత్రిలో కొట్టే మొదటి గంటకీ రెండో గంటకీ మధ్య ఎంతసేపు? బావ నా సెలవు రోజు పాడుచేసి, నన్ను వెంటబెట్టుకుని ఆ పాత ఆసుపత్రికి వెళ్ళాడు.

"ఇక్కడ గంటేమిటి సార్?" అన్నాడు గేటు కాపలా మనిషి. "గంట కొడితే పడుకున్న రోగులు లేస్తారు. నా ఉద్యోగం ఊడుతుంది."

ఆ కాపలా మనిషి ఎవరినో అడిగి, వాళ్ళు ఇంకెవరినో అడిగి, చివరికి ఎప్పుడో రిటైరైన ఒక ముసలి నర్సు ఇల్లు చూపించారు. ఆవిడ మంచం మీద కూర్చుని మా బావ ప్రశ్న మొత్తం ఓపిగ్గా విన్నది. తర్వాత అంది, "మా కాలం దాకా గంట ఉండేది బాబూ. కొట్టేవాడికి గుర్తొచ్చినప్పుడు కొట్టేవాడు. వాడు టీకి వెళ్తే ఆ పూట రెండో గంట ఉండేదే కాదు."

బస్సులో తిరిగొస్తుంటే నాకు నవ్వాగలేదు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున త్రాసు మీద అక్క నలభై కిలోల మూడువందల గ్రాములు. రోజూ లేవగానే ఆవిడని త్రాసు ఎక్కిస్తాడు. త్రాసులో తప్పు లేదని వారానికోసారి రాళ్ళు పెట్టి పరీక్షిస్తాడు కూడా. నేను ఆఫీసులో ఆ రోజంతా ఆ మూడువందల గ్రాముల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఒకాయన తమ వీధికి నాలుగు రోజులుగా నీళ్ళు లేవని అరుస్తుంటే, చిరునామా రెండుసార్లు తప్పు రాశాను. సాయంత్రం ఇంటికొచ్చి చూద్దును కదా, బావ వంటగదిలో రొట్టె ముక్కలు కోస్తున్నాడు. ప్రతి ముక్క మందాన్నీ స్కేలు పెట్టి కొలుస్తున్నాడు. పన్నెండో ప్రయత్నం. రొట్టె ముక్కల్ని ఓవెన్‌లో ఆరబెట్టి, వేడి పాలలో నానబెట్టి, మెత్తగా మెదిపి పెట్టాలట.

ముక్కలు లోపల పెట్టి ఓవెన్ తలుపు వేశాడో లేదో, నేను గుమ్మంలో నిలబడి అందుకున్నాను.

"ఆ పుస్తకం రాసినావిడ పోయి వందేళ్ళయింది. ఆవిడ మాట తు.చ. తప్పకుండా వింటావు. పక్క గదిలో ఉన్న మనిషి మాట మాత్రం నీ చెవికెక్కదు!"

"వింటున్నాను. ప్రతిదీ రాస్తున్నాను కూడా."

"రాస్తావు! పదకొండు సార్లు తడిగుడ్డ అంది, పదకొండు సార్లూ రాసుకున్నావు. నువ్వు మనిషివా, రిజిస్టరువా?"

ఆయన వెనక్కి తిరిగి ఓవెన్ తలుపు తీశాడు, చూశాడు, సగం వేశాడు. బావ నాకు ఎదురు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు చెప్పాడు. "నువ్వేం చేస్తున్నావు? పైనుంచి దిగుతావు, తిడతావు, మళ్ళీ పైకి పోతావు. ఈ ఆరు నెలల్లో ఒక్క ముద్ద కలిపి పెట్టావా మీ అక్కకి?"

నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తగిలింది కాబట్టే ఇంకా పెద్దగా అరిచాను. పాత విషయాలన్నీ తవ్వాను. ఆయనా తవ్వాడు. మధ్య మధ్య ఆ తలుపు తీస్తున్నాడు, వేస్తున్నాడు, చేయి ఊపుతూ అలాగే వదిలేస్తున్నాడు. ఆఖరికి నేను, "పొద్దున్నే లేపి త్రాసు ఎక్కిస్తావు. ముల్లు చూస్తావు. అక్క మొహం చూశావా ఒక్కసారైనా?" అన్నాను.

ఆయన తలుపు మీద చేయి వేసి ఉండిపోయాడు.

"ముల్లు చూస్తే అంకె కనిపిస్తుంది" అన్నాడు. "మొహం చూస్తే భయమేస్తుంది."

ఇద్దరం అలా ఎంతసేపు నిలబడ్డామో తెలీదు. కాస్త మాడు వాసన వచ్చింది. ఇంతలో అక్క గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది. "ఏంటా గోల, సీటు కోసం కొట్టుకున్నట్టు? చిల్లర లేకపోతే దిగిపోండి ఇద్దరూ" అంది.

బావ ట్రే బయటికి లాగాడు. ముక్కలన్నీ ముదురు గోధుమరంగులోకి తిరిగి, వంకర్లు పోయి, పెంకుల్లా ఉన్నాయి. "పాడైపోయాయి. ఇవింక పాలు పీల్చవు" అని చెత్తబుట్ట వైపు తిరిగాడు. అక్క చేయి చాపి ఒక ముక్క తీసుకుని కొరికింది.

ఆ కరకర వంటగదంతా వినిపించింది. అక్క ఆగింది. మళ్ళీ కొరికింది.

"రుచేం లేదు" అంది. "కానీ ఇది వినిపిస్తోందే."

ఇంకోటి తీసుకుంది. "ఇన్నాళ్ళూ నోట్లో ఉందో పోయిందో కూడా తెలిసేది కాదు. అలాంటిదాన్ని ఎలా మింగడం? ఇది ఉన్నానని చెబుతోంది." నిలబడే నాలుగు ముక్కలు తినేసింది.

నాకు సిగ్గేసింది. ఆవిడ పదకొండు సార్లు చెప్పింది. మెత్తనిది వద్దని అంతకంటే విడమరిచి ఎలా చెప్తారు? మేము మెత్తనిదాన్ని ఇంకా మెత్తగా చేస్తూ పోయాం. బావ సంగతి సరే, ఆయన కొలతల్లో పడి కొట్టుకుపోయాడు. ఫిర్యాదులు రాసుకునే జీతం మీద బతుకుతున్నదాన్ని, ఇంట్లో ఉన్న ఒక్క ఫిర్యాదూ నేను రాసుకోలేదు.

కథ అక్కడితో సుఖంగా ముగియాలి. మా బావతో అయ్యే పనా అది! మర్నాడు అవే రస్కులు మళ్ళీ చేద్దామని నోటుబుక్కు తీశాడు. పన్నెండో ప్రయత్నం కింద టైము లేదు. మనిషి జీవితంలో మొదటిసారి ఒక అంకె రాసుకోవడం మర్చిపోయాడు. ఇరవై నిమిషాలు పెట్టాడు, మధ్యలో మెత్తగా ఉండిపోయాయి. నలభై పెట్టాడు, బొగ్గులయ్యాయి. ముప్పై పెడితే పైన గట్టి, లోపల సాగుడు. అక్క కొరికి, "ఇది మాట్లాడటం లేదు" అని పక్కన పెట్టేసింది. కొట్టు రస్కులు తెచ్చాను. కొరకగానే పొడైపోయి, రెండో నములుకే మళ్ళీ తడిగుడ్డ. వేయించిన చిప్స్ తెస్తే గొంతులో గుచ్చుకుంటున్నాయంది. అలా మూడు రోజులు గడిచాయి.

ఆదివారం పొద్దున బావ పైకి వచ్చి నా తలుపు కొట్టాడు. "ఆ రోజు నన్ను ఏమేం తిట్టావో గుర్తుందా?"

"ఒక్క ముక్క మర్చిపోలేదు" అన్నాను.

"అయితే కిందకి వచ్చి మళ్ళీ తిట్టు. నువ్వు తిట్టినప్పుడల్లా నేను ఓవెన్ తలుపు తీశాను. ఎప్పుడెప్పుడు తీశానో నీ మాటల్నిబట్టి తెలుస్తుంది. ఇంక మన గంట నువ్వే."

ఇలాంటి మాట విని కూడా ఆ ఇంట్లోనే ఉన్నానంటే నా ఓపికకి ఎవరైనా ముద్ర వేయాలి. దిగి వెళ్ళాను. ముక్కలు లోపల పెట్టాడు, చేతిలో గడియారం, చెవి వెనక పెన్సిలు. నేను గుమ్మంలో నిలబడి వరసగా అప్పజెప్పాను. ఆయన తప్పులు పట్టాడు.

"అలా కాదు. 'రిజిస్టరువా' అన్నాకే తలుపు తీశాను. నువ్వు దాన్ని ముందే అనేశావు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ రోజు అంతసేపు సాగిన పోట్లాట ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఆ ట్రే కూడా పోయింది. ఇంకో ట్రే పెట్టాడు. "కోపం లేకుండా అంటే టైము చాలటం లేదు. కాస్త కోపంగా అను" అన్నాడు.

"అడిగినంత తూచి ఇవ్వడానికి నా కోపం కొట్లో సరుకా?" అన్నాను. ఆ అనడంతోనే నిజం కోపం వచ్చేసింది. "అక్కడ మనిషి కరిగిపోతుంటే ఇక్కడ నాటకాలా? ఇవాళెంతుంది? పొద్దున్నుంచి చెప్పలేదేం?"

"నలభై" అన్నాడు. "సరిగ్గా నలభై."

ఇంట్లో ఆ అంకె పైకి వినపడటం అదే మొదటిసారి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆడనప్పుడు నోరు మాత్రం ఆడుతుంది నాకు. వరస లేదు, పద్ధతి లేదు, ఆ రోజు అన్నవీ అననివీ అన్నీ కలిపి ఆయన్ని కడిగిపారేశాను. ఆయనా ఊరుకోలేదు. తలుపు తెరిచాడు, మూశాడు, సగంలో వదిలేశాడు. గడియారం ఎప్పుడు బల్ల మీద పెట్టాడో నేను చూడలేదు, ఆయనా చూసి ఉండడు. తిరిగి తిరిగి ఆ మాట దగ్గరికే వచ్చాను. "అక్క మొహం చూశావా బావా?"

ఆయన తలుపు మీద చేయి వేసి నిలబడిపోయాడు. ఆ రోజు చెప్పిన మాట చెప్పలేదు. నేనూ అందించలేదు. లోపల రొట్టె ముక్కలు సన్నగా చిటపటమంటున్నాయి. వాటి వంకే చూస్తూ ఉండిపోయాం.

"ఇవాళ చూశాను" అన్నాడు చివరికి. "ముల్లు చూడకముందే చూశాను."

నేను ఏదో అనబోయేంతలో పక్క గదిలోంచి అక్క గొంతు వినపడింది.

"ఏవండీ, అయిందా మీ పోట్లాట? అయితే అవి పట్రండి. ఆకలేస్తోంది."

ఆకలి అన్న మాట అక్క నోట విని ఏడో నెల నడుస్తోంది. బావ నోటుబుక్కు కోసం చూడలేదు, టైము చూడలేదు. ఓవెన్‌లోంచి ట్రేని రెండు చేతులతో లాగి పరుగెత్తాడు. "చేతులు కాల్తాయి బావా, మసిగుడ్డ పట్టుకో!" అని నెత్తీ నోరూ కొట్టుకుంటూ వెనకే వెళ్ళాను. ఎప్పటిలాగే నా మాట వినిపించుకోలేదు.